భర్త మీద ఈడీ కేసు, అటాచ్‌మెంట్‌లో నా పొలం, ఇంట్లో నా వాటా, నగల లాకర్: నా వరకు నేను ఏం చేయాలి?

పటమట_టీచర్:

నమస్కారం అండి. చాలా టెన్షన్‌లో ఉండి రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోవద్దు. మాది విజయవాడ. నేను మండల పరిషత్ స్కూల్లో టీచర్ని, మా వారి కంటే ముందు నుంచీ ఉద్యోగంలో ఉన్నాను. మా వారు 2017లో ఇంకో ముగ్గురితో కలిసి ఫైనాన్స్ సంస్థ పెట్టారు. నెల నెలా వడ్డీ ఇస్తామని డిపాజిట్లు తీసుకున్నారు, తర్వాత వడ్డీలు ఆగిపోయాయి, డిపాజిటర్లు పోలీసు కేసు పెట్టారు, దాని మీద ఈడీ (మనీ లాండరింగ్ కేసులు చూసే కేంద్ర సంస్థ) వచ్చింది. అందులో ఆయన తప్పు ఎంత, మిగతా వాళ్లది ఎంత అనేది కోర్టు తేల్చాలి, దాని గురించి ఇక్కడ వాదించను.

నా బాధ ఏంటంటే అటాచ్‌మెంట్ ఆర్డర్‌లో (ఆస్తిని అమ్మకుండా, పేరు మార్చకుండా ఆపేసే ఉత్తర్వు) మూడు వచ్చాయి. ఒకటి పోరంకిలో ఇల్లు, 2011లో స్థలం కొని 2012లో కట్టాం, ఇద్దరి పేర్ల మీద ఉంది, లోన్‌కి నేను కో-అప్లికెంట్‌ని, ఈఎంఐ నా జీతం అకౌంట్ నుంచే వెళ్తుంది. రెండోది దుగ్గిరాల దగ్గర ఎకరం ఇరవై సెంట్లు, 2008లో నా పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద మా నాన్న నాకు గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేయించింది, అప్పటి నుంచీ కౌలుకి ఇస్తున్నాం, పసుపు వేస్తారు. మూడోది లాకర్, ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి ఫ్రీజ్ చేశారు, లోపల ఉన్నవి నా నగలు, మా అమ్మవి కొన్ని.

ఇప్పుడు అటాచ్‌మెంట్ ఖాయం చేయాలా వద్దా తేల్చే ఢిల్లీ అడ్జుడికేటింగ్ అథారిటీ నుంచి షోకాజ్ నోటీసు వచ్చింది, అందులో నన్ను కూడా డిఫెండెంట్‌గా చూపించారు. మా వారి లాయర్ అందరికీ కలిపి ఒకటే రిప్లై వేద్దాం అంటున్నారు. మా ఆడపడుచు అయితే నువ్వు విడిగా వెళ్తే మా తమ్ముడు తప్పు చేశాడని నువ్వే ఒప్పుకున్నట్టు అంటోంది. మా అన్నయ్యేమో కేసు తేలేదాకా ఆగు, ఏమీ కదపొద్దు అంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు, పిల్లలు ఇంటర్, టెన్త్ చదువుతున్నారు. ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు ఉంటే చెప్పండి.

బెజవాడ_అడ్వకేట్:

మేడమ్, ముందు ఒక్క మాట. ఆగకండి. మీ అన్నయ్యగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు కానీ ఈ చట్టంలో ఆగినవాళ్లే నష్టపోతారు. నోటీసుకి మీ తరఫున రిప్లై వెళ్లకపోతే, మీరు ఏమీ చెప్పుకోలేదని రాసుకుని అటాచ్‌మెంట్‌ని ఖాయం చేస్తారు. తర్వాత అప్పీల్లో మొదటి నుంచి చెప్పుకోవడం చాలా కష్టం.

లెక్క ఇలా ఉంటుంది. మనీ లాండరింగ్ నిరోధక చట్టం, 2002 నాటిది, అందులో 5వ సెక్షన్ కింద ఈడీ ఇచ్చే తాత్కాలిక అటాచ్‌మెంట్ 180 రోజులు ఉంటుంది. అటాచ్ చేసిన 30 రోజుల్లో వాళ్లు అడ్జుడికేటింగ్ అథారిటీ దగ్గర ఒరిజినల్ కంప్లైంట్ వేయాలి, దాని మీద 8వ సెక్షన్ కింద మీకు నోటీసు వస్తుంది. ఆ నోటీసు మిమ్మల్ని ఏం అడుగుతుందో జాగ్రత్తగా చదవండి. ఈ ఆస్తి మీకు ఏ ఆదాయంతో, ఏ మూలంతో వచ్చింది, దానికి ఆధారాలు ఏంటి, అంతే. మీ భర్త నిర్దోషా కాదా అని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. అందుకే మీ జవాబు ఆయన జవాబు మీద ఆధారపడకూడదు. ఆయన గెలిస్తే మీరు గెలుస్తారు, ఆయన ఓడితే మీరూ ఓడిపోతారు అన్నట్టు కట్టిపడేసేదే ఈ ఉమ్మడి రిప్లై.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా, మీకు వేరే లాయర్, వేరే రిప్లై, వేరే డాక్యుమెంట్ల కట్ట ఉండాలి. ఇది ఆయన్ని వదిలేయడం కాదు. 2012 ఇంటి విషయంలో "కంపెనీ పెట్టకముందే కొన్నది కదా" అని ఆయన లాయర్ వాదిస్తారు. ఆయన వాటాకి ఆ వాదన సరిపోకపోవచ్చు, ఎందుకంటే నేరసొమ్ము దొరక్కపోతే దానికి సమానమైన విలువ ఉన్న వేరే ఆస్తిని అటాచ్ చేసుకోవచ్చని చట్టంలోనే ఉంది, దాని మీద కోర్టుల్లో ఇంకా గట్టిగా వాదనలు నడుస్తున్నాయి. మీ వాటా సంగతి అది కాదు. మీ జీతంతో వచ్చిన ఆస్తి నేరసొమ్ముకి సమానమైన విలువ ఉన్న ఆయన ఆస్తి కింద రాదు. రెండు వాదనలూ ఒకే కాగితంలో కలిపేస్తే మీ బలమైన మాట ఆయన బలహీనమైన మాట కింద నలిగిపోతుంది.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. ఈడీ 50వ సెక్షన్ కింద సమన్లు ఇచ్చి మీ స్టేట్‌మెంట్ తీసుకుంటుంది. అక్కడ చాలామంది ఇల్లాళ్లు భయంతో "నాకేం తెలియదండి, డబ్బు వ్యవహారాలన్నీ ఆయనే చూసుకుంటారు" అనేస్తారు. ఆ మాట మిమ్మల్ని కాపాడుతుందనిపిస్తుంది కానీ రేపు అదే కాగితం చూపించి, ఈమె పేరు మాత్రమే ఉంది, డబ్బు అంతా భర్తదే అని వాదిస్తారు. మీకు తెలిసింది తెలుసని చెప్పండి, ఈఎంఐ మీ జీతం నుంచి వెళ్తుందని, పొలం మీ నాన్నగారు ఇచ్చారని. గుర్తు లేనిది "కాగితాలు చూసి చెప్తాను" అనండి. తెలుగులో రాస్తానని అడగండి, చదవకుండా సంతకం పెట్టకండి.

గుంటూరు_డిపాజిటర్:

అమ్మా, మీ బాధ అర్థమవుతుంది కానీ నాలాంటి వాళ్ల సంగతి కూడా ఆలోచించండి. మీ సంస్థ కాకపోవచ్చు, కానీ అలాంటి చోటే నా రిటైర్మెంట్ డబ్బు మొత్తం పెట్టాను. ఆస్తులన్నీ భార్యల పేరు మీద, బావమరుదుల పేరు మీద ఉంటే మాకు వచ్చేది ఎక్కడ నుంచి?

పటమట_టీచర్:

బాబాయ్ గారూ, మీరు అడిగింది న్యాయమే. ఆయన సంపాదనతో కొన్నది ఏదైనా ఉంటే అమ్మి మీలాంటి వాళ్లకు ఇవ్వాల్సిందే, దానికి నేను అడ్డు పడను. మా నాన్న పొలం, నా జీతం వాటి వరకే అడుగుతున్నాను.

బెజవాడ_అడ్వకేట్:

సార్, ఈ చట్టంలో మీకూ ఒక తలుపు ఉంది, అది చాలామంది డిపాజిటర్లకు తెలియదు. 8వ సెక్షన్ ఎనిమిదో ఉపసెక్షన్ చూడండి. జప్తు అయిన ఆస్తిలో న్యాయమైన హక్కు ఉండి, నేరం వల్ల లెక్కకట్టగల నష్టం జరిగి, మీరు మంచి నమ్మకంతో, తగిన జాగ్రత్తలు తీసుకుని, ఆ లాండరింగ్‌తో సంబంధం లేకుండా ఉంటే ఆ ఆస్తి మీకు తిరిగి ఇప్పించే అధికారం ప్రత్యేక కోర్టుకి ఉంది. విచారణ నడుస్తుండగానే ఇచ్చే వీలు కూడా 2018 సవరణ తర్వాత వచ్చింది. మన దగ్గరే అగ్రిగోల్డ్ కేసు చూశారుగా, ఈడీ అటాచ్ చేసిన వేల కోట్ల ఆస్తులు 2025లో డిపాజిటర్లకు పంచడం కోసం ఏపీ సీఐడీకి వెళ్లాయి. మీ డిపాజిట్ బాండ్లు, రసీదులు, బ్యాంకు నుంచి డబ్బు వెళ్లిన ఎంట్రీ పక్కన పెట్టుకోండి. అందరూ కలిసి అసోసియేషన్‌గా వెళ్తే ఖర్చు తగ్గుతుంది.

మేడమ్‌కి ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. డిపాజిట్ కేసుల్లో ఈడీ ఒక్కటే ఉండదు. రాష్ట్రంలో 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద ప్రభుత్వం జీవో ఇచ్చి అదే ఆస్తిని అటాచ్ చేయొచ్చు, దానికి వేరే ప్రత్యేక కోర్టు, అక్కడ వేరే అభ్యంతరం. ఈడీ దగ్గర చెప్పుకున్నాం కదా అని అక్కడ ఊరుకోకూడదు. రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్‌ఎస్ సైట్‌లో మీ ఇల్లు, పొలం డాక్యుమెంట్లకి ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాలో ఏ ఆఫీసు లెటర్ మీద పెట్టారో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి, అప్పుడు ఎంతమంది అటాచ్ చేశారో తెలుస్తుంది.

కొత్తపేట_శ్రీను:

అక్కా ఒక ఐడియా, పొలం ఇంకా మీ పేరు మీదే ఉంది కాబట్టి వెంటనే మీ చెల్లెలి పేరుకో మీ అమ్మ పేరుకో మార్చేయండి. లాకర్ గురించి టెన్షన్ వద్దు, పెళ్లైన ఆడవాళ్లకు 500 గ్రాముల బంగారం ఎవరూ ముట్టుకోకూడదని రూల్ ఉంది.

బెజవాడ_అడ్వకేట్:

శ్రీను గారూ, దయచేసి ఇలాంటివి రాయకండి, వింటే ఆవిడే చిక్కుల్లో పడతారు. అటాచ్‌మెంట్ అంటేనే బదిలీ చేయకూడదని అర్థం. ఇప్పుడు పేరు మార్చాలని చూస్తే రిజిస్ట్రేషన్ అవ్వదు సరికదా, సక్రమమైన పొలాన్ని కూడా దాచడానికి ప్రయత్నించినట్టు అవుతుంది. ఇక ఆ 500 గ్రాముల సంగతి ఇన్‌కమ్ ట్యాక్స్ సోదాలకు 1994లో సీబీడీటీ (ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ పై బోర్డు) ఇచ్చిన సూచన. పెళ్లైన స్త్రీకి 500, పెళ్లికాని స్త్రీకి 250, మగవాళ్లకు 100 గ్రాముల వరకు సీజ్ చేయొద్దని. అది ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసర్లకు చెప్పింది, ఈడీకి కాదు.

నగలకు అసలు బలం వేరే చోట ఉంది. స్త్రీధనం భార్య సొంతం, భర్తకి అందులో వాటా లేదని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభా రాణి కేసులో చెప్పింది. కానీ లాకర్‌లో ఉన్నది స్త్రీధనమే అని మీరు చూపించాలి. పెళ్లి ఆల్బమ్ తీయండి, ఏ ఫోటోలో ఏ హారం ఉందో పంచనామాలో రాసిన వస్తువుతో జతపరచండి. పాత నగలు చెరిపించి కొత్తవి చేయించి ఉంటే ఆ బిల్లులో పాత బంగారం తూకం తీసేసి ఉంటుంది, ఆ బిల్లు చాలా విలువైనది. అమ్మగారి నగలకు అమ్మగారే స్వయంగా అఫిడవిట్ ఇవ్వాలి. 2017 తర్వాత కొన్నవి ఉంటే వాటిని ఇవే నగల్లో కలిపి చూపించకండి, ఒక్కటి తేలిపోతే మిగతా అన్నిటి మీదా అనుమానం వస్తుంది.

రిటైర్డ్_బ్యాంకు:

అమ్మా, నేను గుంటూరు అరండల్‌పేటలో ఉంటాను, లోన్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పని చేశాను. మీ ఇంటి విషయంలో నాకు తెలిసింది చెప్తాను. ఈఎంఐ ఒక్క నెల కూడా ఆపకండి. అటాచ్ అయిపోయింది కదా, ఇక కట్టి ఏం లాభం అని ఆపేస్తే లోన్ ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, అప్పుడు బ్యాంకు ఒక పక్క, ఈడీ ఒక పక్క. పైగా ప్రతి ఈఎంఐ మీ జీతం నుంచి వెళ్లిందన్న ఎంట్రీయే మీ సాక్ష్యం.

బ్యాంకుకి కూడా ఆ ఇంటి మీద తాకట్టు హక్కు ఉంది, అది కూడా మీలాగే మూడో వ్యక్తే. 2019లో ఢిల్లీ హైకోర్టు యాక్సిస్ బ్యాంకు కేసులో, నేరంతో సంబంధం లేకుండా ముందే సక్రమంగా హక్కు పొందిన మూడో వ్యక్తిని కాపాడాలనే దిశలో చెప్పింది. అందుకని మీ బ్రాంచి మేనేజర్‌కి లెటర్ పెట్టి, బ్యాంకు తరఫున కూడా అథారిటీ దగ్గర హాజరవ్వమని అడగండి. వాళ్లు తమ పత్రాలు వేస్తే అందులో 2012 నాటి మీ జీతం స్లిప్పులు, సాంక్షన్ లెటర్, ఎంత ఎలా విడుదల చేశారు అన్నీ ఉంటాయి, అవి మీరు తెచ్చుకోవాలంటే కష్టం.

స్టేట్‌మెంట్ల విషయంలో తొందరపడండి. లావాదేవీల రికార్డులు బ్యాంకులు ఐదేళ్లు ఉంచాలని ఈ మనీ లాండరింగ్ చట్టమే చెప్తుంది, అంతకంటే పాతవి బ్రాంచిలో దొరుకుతాయన్న గ్యారంటీ లేదు. 2011, 2012 స్టేట్‌మెంట్లకి ఈ వారంలోనే రాతపూర్వకంగా అడిగి, ఎక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. దొరకలేదని వాళ్లు లెటర్ ఇస్తే అది కూడా వేయండి, పాత పాస్‌బుక్‌లు బీరువాలో ఉన్నాయేమో వెతకండి. నా సర్వీసులో చాలామందికి పనికొచ్చినవి ఆ పాస్‌బుక్‌లే.

బెజవాడ_అడ్వకేట్:

సార్ చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. మేడమ్, మీరు ప్రభుత్వ ఉద్యోగి, 1964 నాటి ఏపీ సివిల్ సర్వీసెస్ కాండక్ట్ రూల్స్ కింద మీ స్థిరాస్తుల వివరాలు శాఖకి ఇచ్చి ఉంటారు, ఇల్లు కొన్నప్పుడు తెలియజేసి ఉంటారు. ఆ కాపీ ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులోనో మీ సర్వీసు ఫైల్లోనో ఉండాలి. కంపెనీ పుట్టడానికి ఐదారేళ్ల ముందు మీరు స్వయంగా సర్కారుకి రాసిచ్చిన కాగితం అది. కేసు వచ్చాక తయారు చేశారని ఎవరూ అనలేరు. ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తోచడం లేదు.

పొలానికి గిఫ్ట్ డీడ్ ఒక్కటే కాకుండా మీ నాన్నగారికి ఎలా వచ్చిందో లింక్ డాక్యుమెంట్లు, మీ పేరు మీద పట్టాదారు పాస్‌పుస్తకం, 1బి, అడంగల్ లాంటి రెవెన్యూ రికార్డులు, కౌలు కాగితాలు ఉంటే అవి కూడా పెట్టండి. ఆ పొలం మీద ఆయన పైసా కూడా పెట్టలేదని, కౌలు మీ అకౌంట్‌కి వచ్చిందని తేలితే దీన్ని వదిలించుకోవడం మీ మూడింటిలోకీ సులువు.

24వ సెక్షన్ గురించి చాలామంది భయపెడతారు. నిందితుడి విషయంలో ఆ ఆస్తి నేరసొమ్ముతో ముడిపడిందని అధికారి అనుకుని తీరాలి, తప్పని చూపించే భారం నిందితుడిదే. నిందితుడు కాని వ్యక్తి విషయంలో అలా అనుకోవచ్చు అని మాత్రమే ఉంది. నోటీసులో డిఫెండెంట్ అని ఉన్నా మీరు ఈడీ ఫిర్యాదులో నిందితురాలు కాదు కదా, ఈ తేడాని మీ రిప్లై మొదట్లోనే రాయమనండి.

బ్రాడీపేట_కమల:

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మా అన్నయ్య మీద కూడా కేసు నడుస్తోంది. గుంటూరులో మా నాన్నగారి పాత ఇల్లు అన్నయ్యే ఉంటున్నాడని అతని ఆస్తిగా లిస్టులో రాశారు. నాన్న వీలునామా రాయకుండా పోయారు, పంపకాలు జరగలేదు. నా పెళ్లి 1991లో అయింది, నాకేమైనా వాటా ఉంటుందా?

బెజవాడ_అడ్వకేట్:

ఉంటుందండి. అది నాన్నగారి స్వార్జితం అయితే వీలునామా లేదు కాబట్టి అమ్మగారు ఉంటే ఆవిడకీ, మీకూ, అన్నయ్యకీ సమానం. పిత్రార్జితం అయినా మన రాష్ట్రంలో ఆడపిల్లకి హక్కు దేశం కంటే ముందే వచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైన హిందూ వారసత్వ సవరణ, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు వర్తించింది, మీ పెళ్లి ఆ తర్వాతే. 2005 కేంద్ర సవరణ, 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పు తర్వాత ఇంకా గట్టిపడింది. మీకు విడిగా నోటీసు రాకపోయినా ఫర్వాలేదు. నోటీసు అందిన వ్యక్తి కాకుండా వేరొకరు ఆ ఆస్తి తమదని అంటే వాళ్లకీ వినిపించుకునే అవకాశం ఇవ్వాలని 8వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో ఉంది. లీగల్ హెయిర్ సర్టిఫికెట్ లేదా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాన్నగారి పేరు మీద ఉన్న పాత ఇంటి పన్ను రసీదులు, మూలం డాక్యుమెంట్ కాపీ పెట్టి మీరే దరఖాస్తు చేసుకోండి. మీ అన్నయ్య తరఫున చేసే పని కాదు ఇది.

పటమట_టీచర్:

మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. మొదటిసారి కాస్త నిద్ర పట్టేలా ఉంది. రెండు సందేహాలు మిగిలాయి. ఇంటి పైఅంతస్తు 2019లో వేశాం, అది మాత్రం మా వారి డబ్బే, క్యాష్‌గానే ఎక్కువ ఖర్చయింది. ఇంకోటి, ఒకవేళ ఖాయం చేస్తే వెంటనే ఇల్లు ఖాళీ చేయమంటారా? మా అత్తగారికి నడవలేని పరిస్థితి.

బెజవాడ_అడ్వకేట్:

పైఅంతస్తు గురించి ఉన్నది ఉన్నట్టు రాయండి. నాదే అని చెప్పి రుజువు చేయలేకపోతే కింద అంతస్తు మీద మీ వాదన కూడా చెడిపోతుంది. 2012 నాటి నిర్మాణం, స్థలంలో మీ సగం వాటా, ఇంతవరకు నాది, దీనికి ఇవీ ఆధారాలు, 2019 నిర్మాణం మీద నేను హక్కు అడగడం లేదు అని స్పష్టంగా చెప్పండి. ఇంజనీర్ చేత అంతస్తుల వారీగా వాల్యుయేషన్ చేయించి జతపరచండి. విలువని విడదీసి చూపిస్తే అధికారికి కూడా మీ వరకు వదిలేయడానికి దారి దొరుకుతుంది.

ఖాళీ చేయించడం గురించి, తాత్కాలిక అటాచ్‌మెంట్ ఉన్నంత మాత్రాన మీరు ఇంట్లో ఉండకూడదని కాదు, ఆస్తిని అనుభవించే హక్కు 5వ సెక్షన్‌లోనే కాపాడారు. ఖాయం చేశాక మాత్రం ఈడీ స్వాధీనం చేసుకోవచ్చు, దానికి 10 రోజుల నోటీసు అంతే. కానీ 2022 జులైలో విజయ్ మదన్‌లాల్ చౌదరి తీర్పులో సుప్రీంకోర్టు, జప్తు ఉత్తర్వు రాకముందే స్వాధీనం తీసుకోవడం అరుదుగా జరగాల్సిందే తప్ప మామూలుగా చేసేది కాకూడదని చెప్పింది. అత్తగారి మెడికల్ రికార్డులు, పిల్లల చదువు వివరాలు ఇప్పుడే ఫైల్లో ఉంచుకోండి. ఖాయం ఆర్డర్ చేతికొచ్చిన రోజు నుంచి అప్పీలేట్ ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి 45 రోజులు, ఆ తర్వాత హైకోర్టుకి 60 రోజులు. 45 రోజులు ఉన్నాయి కదా అని ఉండొద్దు, స్వాధీనానికి ఇచ్చేది 10 రోజులే కాబట్టి ఆర్డర్ వచ్చిన వారంలోనే స్టే పిటిషన్‌తో అప్పీలు వేసేలా ముందే తయారుగా ఉండండి.

పటమట_టీచర్:

ఆడపడుచుకి ఇదంతా చదివి వినిపించాను, ఇప్పుడేమీ అనడం లేదు. మా వారికి కూడా చెప్పాను, నీ రిప్లై నువ్వు వేసుకో అని ఆయనే అన్నారు. ఎంఈవో ఆఫీసులో ఇల్లు కట్టినప్పటి ఇన్‌ఫర్మేషన్ లెటర్ కాపీ ఉందట, క్లర్క్ వెతికి ఫోన్ చేశారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు మాత్రం నోటీసు గడువులోపు వస్తాయో రావో తెలియదు. అవి లేకుండా రిప్లై వేయొచ్చా?

బెజవాడ_అడ్వకేట్:

వేయండి. చేతిలో ఉన్నవాటితో రిప్లై వేసి, బ్యాంకుకి పెట్టిన దరఖాస్తు కాపీ, ఎక్నాలెడ్జ్‌మెంట్ దానికి జతచేసి, స్టేట్‌మెంట్లు అందగానే దాఖలు చేస్తామని అందులోనే అనుమతి అడగండి. ఈడీ ఆధారపడిన డాక్యుమెంట్ల కట్ట పూర్తిగా అందకపోతే అది కూడా రాతపూర్వకంగా అడిగి పెట్టండి. గడువు మాత్రం ఒక్కరోజు కూడా దాటనివ్వకండి.